రాణి గౌను కన్నా ముందు ఒక స్మాక్ కుట్టండి

హ్యూస్టన్‌కు వాయవ్యంగా ఉన్న టాడ్ మిషన్ అనే చిన్న ఊరిలో 1974లో మొదలైన రెనసాన్స్ ఫెస్టివల్‌కు అక్టోబరు, నవంబరు వారాంతాలలో జనం తండోపతండాలుగా వస్తారు. పదహారో శతాబ్దపు ఇంగ్లండు పల్లెను తలపించే వీధులు, గుర్రాల మీద శూలాల పోటీలు, కమ్మరి కొలుములు, కుండలు చేసేవారి దుకాణాలు, వీటన్నిటి మధ్య ఆ కాలపు దుస్తులలో తిరిగే వేలమంది సందర్శకులు అక్కడ కనిపిస్తారు. టెక్సస్‌లో స్థిరపడిన మా వంటి తెలుగు కుటుంబాలు కూడా పిల్లలతో కలిసి వెళుతుంటాయి. ఒకసారి మామూలు బట్టలతో వెళ్ళినవారికి రెండోసారి వేషం కట్టుకుని వెళ్ళాలనిపించడం సహజం. అలా అనిపించి, అందులోనూ ఇంట్లోనే కుట్టుకోవాలని నిశ్చయించుకున్నవారిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రాణి గౌనుతో మొదలుపెట్టకండి. ఆ కాలపు కష్టజీవి అయిన స్త్రీ ఒంటికి ఆనుకుని వేసుకున్న లినెన్ స్మాక్ అనే పొడవాటి లోపలి అంగీతో మొదలుపెట్టి, లోపలి నుంచి పైకి ఒక్కొక్క పొరా కుట్టుకుంటూ రండి. చరిత్ర దృష్టితో చూసినా, కుట్టుపని దృష్టితో చూసినా, టెక్సస్ ఎండ దృష్టితో చూసినా ఇంట్లో కుట్టుకునేవారికి ఇదే సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎక్కువమంది దీనికి సరిగ్గా ఎదురు దిశలో వెళతారు. ముందు పైకి కనిపించే రూపాన్ని ఎంచుకుంటారు. పదహారో శతాబ్దపు మొదటి ఎలిజబెత్ రాణి చిత్రపటాలలో ఉన్నట్టు నిలబడే మెడపట్టీ, బుట్ట చేతులు, ముత్యాలు, బంగారు జరీ కావాలనుకుంటారు. అవన్నీ ఒకే గుడ్డలో వచ్చేలా వెనుక జిప్పు పెట్టిన పాలియెస్టర్ గౌను అంగళ్ళలో దొరుకుతుంది కాబట్టి, ఇంట్లో కుట్టేవారు సైతం ఆ గౌనునే నమూనాగా పెట్టుకుంటారు. ఫలితంగా వారు కుట్టేది పదహారో శతాబ్దపు దుస్తులకు ప్రతిరూపం కాక, అంగడి గౌనుకు ప్రతిరూపం అవుతుంది. నిజానికి ఆ కాలపు ఆడమనిషి ఒంటి మీద ఉండేది ఒక్క గౌను కాదు. లోపల లినెన్ స్మాక్, దాని మీద ఉన్ని పెట్టికోటు, ఆపైన రవికె, పావడా కలిసి ఉండే కర్టిల్ అనే వస్త్రం, చలికాలమైతే ఇంకా పైన వదులైన గౌను, భుజాల మీద మెడగుడ్డ, ముందు ఏప్రన్, తలకు కాయిఫ్ అనే లినెన్ టోపీ ఉండేవి. ఏ పొర పని ఆ పొరది. పొరలన్నిటినీ ఒక్క గుడ్డలోకి కుదించినప్పుడు బొమ్మ మిగులుతుందే తప్ప అందులో దుస్తుల పనితనం ఉండదు.

టాడ్ మిషన్‌లో అక్టోబరు మధ్యాహ్నాలు చాలాసార్లు ముప్పై డిగ్రీల సెల్సియస్ దాటుతాయి. పాలియెస్టర్ చెమటను పీల్చుకోదు, గాలిని ఆడనివ్వదు. అవిసె నారతో నేసిన లినెన్ ఆ రెండు పనులూ చేస్తుంది. ఒంటికి లినెన్ ఆనుకుని ఉంటే, దాని మీద పలుచని ఉన్ని వేసుకున్నా రోజంతా తిరగవచ్చు. టెక్సస్ ఎండలో ఉన్ని ఏమిటని మన వాళ్ళందరూ ఆశ్చర్యపోతారు. కాని సన్నని నూలుతో నేసిన తేలికైన ఉన్ని, పైకి పట్టులా మెరిసే పాలియెస్టర్ శాటిన్ కన్నా చాలా నయమని ఒక్కరోజు తొడుక్కుని తిరిగిన ఎవరికైనా అర్థమవుతుంది. అంగడిలో గుడ్డ మీది చీటీని నమ్మలేనప్పుడు అంచు నుంచి నాలుగు పోగులు లాగి జాగ్రత్తగా కాల్చి చూడాలి. లినెన్ కాగితంలా కాలి బూడిద అవుతుంది, ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి తనంతట తానే ఆరిపోతుంది, పాలియెస్టర్ మాత్రం కరిగి గట్టి ఉండ కడుతుంది. పెద్ద మొత్తం పెట్టి గుడ్డ కొనే ముందు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలని నా సలహా.

రాణి గౌను వద్దనడానికి నాకు మరో కారణం ఉంది. అది ఒక మనిషి ఇంట్లో కూర్చుని కుట్టగలిగే వస్త్రం ఆ కాలంలోనే కాదు. ఎలిజబెత్ రాణికి 1582 వరకు వాల్టర్ ఫిష్, ఆ తరువాత విలియం జోన్స్ అనే దర్జీలు బట్టలు కుట్టారు. వారి వెనుక బుటేదారు పనివారు, పట్టు పని చేసే స్త్రీలు, బొచ్చు తోలు పనివారు, మెడపట్టీలకు గంజి పెట్టేవారు ఎందరో ఉండేవారు. అంతేకాక అటువంటి బట్ట ఎవరు కట్టుకోవచ్చునో చట్టం నిర్ణయించేది. 1574 జూన్ 15న గ్రీన్విచ్‌లో వెలువడిన రాజశాసనం ఊదా రంగు పట్టును, బంగారు జరీ వస్త్రాన్ని, సేబుల్ అనే జంతువు బొచ్చును రాజకుటుంబానికి, అత్యున్నత ప్రభువర్గానికి మాత్రమే పరిమితం చేసి, అక్కడి నుంచి ఒక్కొక్క అంతస్తు దిగుతూ ఎవరికి ఏ గుడ్డ తగునో వివరించింది. ఇన్ని చేతులు, ఇంత ధనం, ఇంత అధికారం కలిస్తే తయారైన వస్త్రాన్ని కర్టెన్ గుడ్డతోను, జిగురుతో అతికించిన ప్లాస్టిక్ ముత్యాలతోను అనుకరించడానికి పడే శ్రమ చాలా పెద్దది, వచ్చే ఫలితం చాలా చిన్నది. అదే శ్రమను స్మాక్, కర్టిల్, ఏప్రన్ మీద పెడితే అనుకరణ కాని అసలు వస్త్రమే చేతికి వస్తుంది. గుడ్డ అదే, కత్తిరింపు అదే, కుట్టు అదే.

ఇంట్లో కుట్టడం అన్న మాటకు ఇక్కడ చారిత్రకంగా గట్టి ఆధారం ఉంది. పదహారో శతాబ్దపు ఇంగ్లండులో పైబట్టలు కుట్టేది వృత్తి దర్జీలు, వారు దాదాపు అందరూ పురుషులు. లినెన్ బట్టల సంగతి వేరు. స్మాక్‌లు, చొక్కాలు, కాయిఫ్‌లు, ఏప్రన్లు, పసిపిల్లల గుడ్డలు స్త్రీల చేతుల్లో, చాలావరకు ఇళ్ళలోనే తయారయ్యేవి. ఆడపిల్లలకు చిన్ననాటి నుంచే ఆ కుట్లు నేర్పేవారు. కాబట్టి ఈ ఫెస్టివల్ సంతకు ఇంట్లో కుట్టుకున్న వేషంతో వెళ్ళాలనుకునే స్త్రీ స్మాక్‌తో మొదలుపెడితే, ఆమె కూర్చున్న చోటు, చేస్తున్న పని, ఎవరి వేషం వేస్తున్నదో ఆ మనిషి జీవితంతో కలుస్తాయి. రాణి గౌను ఎంత బాగా కుదిరినా ఈ కలయికను ఇవ్వలేదు.

ఇక స్మాక్ కత్తిరింపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ పని మీద ఇష్టం కలిగించింది అదే. స్మాక్‌లో వంకర గీత దాదాపు ఉండదు. భుజాల దగ్గర మడత వచ్చేలా మోకాళ్ళ కిందికి దిగే పొడవైన దీర్ఘచతురస్రం ఒకటి, చేతులకు రెండు దీర్ఘచతురస్రాలు, నడుము కింద ఘేరు కోసం పక్కల్లో కలిపే త్రికోణపు ముక్కలు, చంకల కింద రెండు చిన్న చదరాలు ఉంటాయి. హైదరాబాదులో మా పెద్దమ్మ కలీదార్ కుర్తాలు కుట్టేది. నేను మొదటిసారి పదహారో శతాబ్దపు స్మాక్ చిత్తు, అంటే కత్తిరింపు నమూనా, చూసినప్పుడు నాకు అందులో కనిపించింది ఆ కుర్తాయే. పక్కల త్రికోణాలను మన దర్జీలు కలీలు అంటారు, చంక కింది చదరాన్ని చౌబగ్లా అంటారు. లండన్‌లోను, గోల్కొండలోను ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని చెప్పడానికి కాదు ఈ మాట. మగ్గం మీద నుంచి దిగిన గుడ్డ సన్నని పన్నాతో, నేరైన అంచులతో వస్తుంది. దానిని నేయడానికి పట్టిన కాలం తెలిసినవారెవరూ ఒక్క అంగుళాన్ని కూడా వృథాగా పారవేయరు. నేరుగా కోసి, దీర్ఘచతురస్రాన్ని మూల నుంచి మూలకు చీల్చి రెండు కలీలు చేసుకుంటే కింద పేలికలు మిగలవు. ఒకే కష్టం రెండు చోట్లా ఒకే లెక్కను పుట్టించింది.

చౌబగ్లా చేసే పని చాలా గొప్పది. చేతి ముక్కను ఒంటి ముక్కకు లంబంగా కలిపినప్పుడు చంక దగ్గర గుడ్డ పట్టేస్తుంది, చేయి పైకెత్తితే బట్ట మొత్తం లేస్తుంది లేదా కుట్టు తెగుతుంది. అక్కడ అయిదారు అంగుళాల చదరాన్ని మూల కిందికి వచ్చేలా అమర్చితే, చేయి ఎత్తినప్పుడు చదరం విప్పారుతుంది. ఆ చోట గుడ్డ ఏటవాలుగా పడుతుంది కాబట్టి కొంత సాగుతుంది కూడా. పశువుల పాలు పితికే, బట్టలు ఉతికే, పిండి పిసికే స్త్రీలు వేసుకున్న బట్ట ఇది. చేతులు ఆడకపోతే వారికి పని జరగదు. సంతలో పిల్లను భుజానికెత్తుకుని శూలాల పోటీ చూపించవలసిన తల్లికి కూడా ఈ చదరం విలువ వెంటనే తెలుస్తుంది.

యాభై ఎనిమిది అంగుళాల పన్నా ఉన్న మధ్యరకం తెల్ల లినెన్ సుమారు మూడు గజాలు చాలామందికి సరిపోతుంది. కత్తిరించే ముందు వేడినీళ్ళలో ఉతికి ఆరబెట్టాలి, లినెన్ తొలి ఉతుకులో కుంచించుకుంటుంది. కొలత గీతలు గీయడం కన్నా ఒక పోగును లాగి, అది విడిచిన సన్నని దారి వెంట కత్తెర నడిపితే కోత పడుగు పేకల వెంట తిన్నగా వస్తుంది. మెడ చుట్టూ కోసే చోట మాత్రం తొందరపడకూడదు, తలపట్టేంత చదరం కన్నా చిన్నదిగా మొదలుపెట్టి, తొడిగి చూసి, కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. కుట్టడానికి లినెన్ దారం తీసుకుని దాని మీద తేనెమైనం రుద్దాలి, అప్పుడు దారం చిక్కుపడదు, గుడ్డలో నుంచి వెళ్ళేటప్పుడు నలగదు. అతుకులను ముందు పరుగు కుట్టుతో, బలం కావలసిన చోట వెనుక కుట్టుతో కలిపి, ఆ తరువాత అంచులను లోపలికి మడిచి సన్నని హెమ్మింగ్‌తో అణచివేయాలి. ఇలా చేసిన అతుకులో పచ్చి అంచు ఎక్కడా బయట పడదు, ఎన్ని ఉతుకులకైనా పోగులు ఊడవు.

స్మాక్ మొత్తాన్ని చేత్తోనే కుట్టమని నేను అంటాను. కుట్టు మిషను పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో గాని వాడుకలోకి రాలేదన్నది ఒక కారణం మాత్రమే. అసలు కారణం వేరు. స్మాక్‌లో కుట్లన్నీ తిన్నగా సాగేవే, కొత్తగా సూది పట్టినవారు కూడా రోజూ సాయంత్రం కొంతసేపు కూర్చుంటే పూర్తవుతుంది. అది పూర్తయ్యేసరికి చేతికి ఒక లయ వస్తుంది, అంగుళానికి ఎనిమిది పది కుట్లు సమంగా పడతాయి. ఆ చేతితో కర్టిల్‌కు వెళ్ళినవారి పని, నేరుగా కర్టిల్‌తో మొదలుపెట్టినవారి పని పక్కపక్కన పెడితే తేడా కనిపిస్తుంది. స్మాక్ అందరి కన్నా ఓపిక గల గురువు, తప్పు పడినా విప్పి మళ్ళీ కుట్టుకోనిస్తుంది.

లోపలి బట్ట ఎవరు చూస్తారు, దానికి ఇంత శ్రమ ఎందుకని నన్ను అడిగినవారు ఉన్నారు. మా ఊరి చెల్లెలు వరస అమ్మాయి ఒకామె, "అక్కా, పైన గౌను ఉంటుంది కదా, లోపల టీషర్టు వేసుకుంటే ఏమైంది?" అని మనస్ఫూర్తిగానే అడిగింది. మొదటి సమాధానం ఏమిటంటే, స్మాక్ కనిపిస్తుంది. మెడ దగ్గర, మోచేతుల కింద, రవికె తాళ్ళ సందులో తెల్లగా కనిపించేది అదే. 1569-70లో జోకిమ్ బ్యూకెలార్ వేసిన సంత చిత్రాలు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. కూరగాయలు, చేపలు అమ్ముతున్న ఆ ఫ్లెమిష్ స్త్రీల చేతులపైన మడిచిన తెల్లటి స్మాక్‌ను చూడండి, ఆ మనిషి పనిలో ఉన్నదని మనకు చెప్పేది అదే. రెండో సమాధానం ఇంకా ముఖ్యమైనది. పై పొరలకు తరచు ఉతుకు పడేది కాదు, ఒంటి చెమటను, జిడ్డును స్మాక్ పీల్చుకుని పై ఉన్నిని కాపాడేది, దానినే తరచు మార్చి ఉతికేవారు. శుభ్రతకు అర్థం ఆ కాలంలో తెల్లని లినెన్. స్మాక్ తీసివేస్తే కర్టిల్ ఒక్క సీజనులో పాడవుతుంది. ఈ సంబంధం తెలియకుండా పై రూపం మాత్రమే కుట్టినవారు, ఆ దుస్తులు అలా ఎందుకు ఉన్నాయో ఎన్నటికీ తెలుసుకోలేరు.

ఇన్ని చెప్పినా, సామాన్యుల స్మాక్‌లు మనకు దాదాపు మిగలలేదన్నది నిజం. మ్యూజియంలలో ఉన్నవి ఎక్కువగా పట్టు దారంతో అల్లిక చేసిన ధనికుల బట్టలు. మామూలువి చిరిగేదాకా తొడిగి, ఆ తరువాత పిల్లల గుడ్డలుగా, కట్లుగా, చివరకు కాగితం తయారీకి పేలికలుగా వాడారు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ యుద్ధనౌకలో నావికుల తోలు జాకెట్లు, ఉన్ని టోపీలు దొరికాయి గాని, సముద్రపు అడుగున లినెన్ కరిగిపోయింది. అందుకే మనం చిత్రాలను, వీలునామాలను, మిగిలిన ధనికుల బట్టల కొలతలను కలిపి చదువుకోవాలి. జానెట్ ఆర్నాల్డ్ అనే పరిశోధకురాలు 1540 నుంచి 1660 వరకు గల లినెన్ చొక్కాలు, స్మాక్‌ల చిత్తులను కొలిచి గీసిన సంపుటం ఆమె మరణానంతరం 2008లో వెలువడింది. సంతకు బట్టలు కుట్టే వారందరికీ అది పెద్ద దిక్కు. ఎస్సెక్స్ కౌంటీలోని ఎలిజబెత్ కాలపు వీలునామాలలో పల్లెటూరి స్త్రీలు తమ స్మాక్‌లను, ఏప్రన్లను, ఎర్ర పెట్టికోట్లను పేరు పేరునా కూతుళ్ళకు, అక్కచెల్లెళ్ళకు, పనిపిల్లలకు రాసి ఇవ్వడం చూస్తే, ఆ బట్టలకు వారు ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది.

స్మాక్ తరువాత కర్టిల్. ఇక్కడ మన జాకెట్టు కుట్టడం వచ్చినవారు ఒక అలవాటును పక్కన పెట్టాలి. మన జాకెట్టుకు ఆకారం డాట్లతో వస్తుంది, పదహారో శతాబ్దపు రవికెలో డాట్లు లేవు. అక్కడ ఆకారం రెండు మూడు పొరల గట్టి లినెన్ కాన్వాసు నుంచి, కొద్దిగా వంపు తిప్పిన ముందు అంచుల నుంచి, బిగించే తాడు నుంచి వస్తుంది. ముందు పాత దుప్పటితో నమూనా కుట్టి, ఒంటి మీద ఎవరైనా పిన్నులు పెట్టి సరిచేస్తేనే ఈ భాగం కుదురుతుంది. కష్టజీవి అయిన స్త్రీ బట్టకు తిమింగలపు ఎముక పుల్లలు అక్కరలేదు, కాన్వాసే సరిపోతుంది. తాడు దూర్చే రంధ్రాలు మాత్రం చేత్తోనే చేయాలని నా పట్టుదల. లోహపు ఐలెట్లు పంతొమ్మిదో శతాబ్దానివి, పైగా వాటిని బిగించడానికి గుడ్డను కోయాలి. ఆరె వంటి మొనతో పోగులను తెంచకుండా పక్కకు జరిపి, చుట్టూ దారంతో కుడితే ఆ రంధ్రం ఎంత లాగినా చిరగదు. తాడును బూట్లకు కట్టినట్టు అడ్డదిడ్డంగా కాక, ఒకే తాడుతో కింద నుంచి పైకి మెలికలుగా దూర్చాలి, అందుకు రెండు వైపులా రంధ్రాలు ఎదురెదురుగా కాక కొంచెం ఎడంగా రావాలి. పావడా భాగం కుచ్చిళ్ళు పోసి రవికెకు కలపడం, కింది అంచు చీలమండ పైనే ఆగేలా చూసుకోవడం మనకు తెలిసిన పనులే. దాని పొడవాటి లోపలి అతుకులను మిషను మీద కుట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. కర్టిల్ ఆ కాలంలోనూ దర్జీ దుకాణంలో తయారైన వస్తువే కాబట్టి, ఇక్కడ చేతికుట్టు నియమం స్మాక్‌కు వర్తించినంత గట్టిగా వర్తించదు.

రంగు విషయానికి వస్తే ఎరుపును ఎంచుకోవడం నాకు ఇష్టం. ఎరుపు ఒంటికి వెచ్చదనం ఇస్తుందని ఆ కాలపు వైద్యులు నమ్మేవారు. చొక్కా మీద ఎర్రటి వస్త్రం వేసుకోమని ఆండ్రూ బోర్డ్ అనే వైద్యుడు 1542లోనే రాశాడు. ఐరోపాలో ఆ ఎరుపును మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మ్యాడర్ వేరు నుంచి తీసేవారు. మన కృష్ణా తీరంలో అదే పనిని చిరివేరు చేసింది, రెండింటిలోనూ రంగు ఇచ్చే పదార్థం అలిజరినే. ఇంతవరకు చదివిన తెలుగువారికి ఒక కోరిక కలగడం ఖాయం, నాకూ కలిగింది. కర్టిల్‌ను గాని, కనీసం ఏప్రన్‌ను గాని మన కలంకారీ గుడ్డతో ఎందుకు కుట్టకూడదు? ఇంగ్లండు వాళ్ళు మన మచిలీపట్నం అద్దకాల కోసం ఎగబడ్డారు కదా?

ఎగబడిన మాట నిజమే, కాని ఎలిజబెత్ కాలంలో కాదు. ఆమె 1603లో మరణించింది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ నౌక గ్లోబ్ నేటి నిజాంపట్నానికి, మచిలీపట్నానికి వచ్చింది 1611లో. అప్పుడైనా వారు ఇక్కడి చిత్రవస్త్రాలను ప్రధానంగా ఇంగ్లండుకు కొనలేదు, ఆగ్నేయాసియా ద్వీపాలకు తీసుకెళ్ళి మిరియాలు, లవంగాలు, జాజికాయలకు మారకంగా ఇవ్వడానికి కొన్నారు. అంతకు ముందు 1592లో ఇంగ్లిషువారు పట్టుకున్న మాద్రె దె దేవుస్ అనే పోర్చుగీసు నౌక సరుకులో సుగంధద్రవ్యాలు, పట్టుతో పాటు భారతీయ నూలు బట్టలు కూడా ఉన్నాయి. కాని అటువంటివి పల్లెటూరి ఆడమనిషి ఒంటి మీదికి చేరే వస్తువులు కావు. కలంకారీ ఇంగ్లండు ఇళ్ళలో, ఒంటి మీద అందరికీ కనిపించేంతగా వ్యాపించింది పదిహేడో శతాబ్దపు చివరి భాగంలో. ఆ వెల్లువకు భయపడే అక్కడి పార్లమెంటు 1700లో అద్దకపు గుడ్డల దిగుమతిని, 1721లో వాటి వాడకాన్ని నిషేధించింది. కలంకారీకి ఇంత ఘనమైన చరిత్ర ఉన్నప్పుడు, దానిని తనది కాని దశాబ్దంలోకి తోసి, పక్కనున్నవారికి "మా ఊరి గుడ్డ" అని చూపించడం దానికి గౌరవం కాదని నేను అనుకుంటాను. కలంకారీ గౌను కుట్టాలనుకుంటే పద్దెనిమిదో శతాబ్దపు చిత్తు తీసుకుని, ఆ కాలానికి తగ్గ సందర్భంలో నిండుగా తొడుక్కోవాలి. నూలు గుడ్డ చవక కదా, లినెన్ బదులు అదే వాడవచ్చు కదా అన్న ప్రశ్నకు కూడా దాదాపు ఇదే నా సమాధానం. ఎలిజబెత్ కాలపు ఇంగ్లండులో పత్తి ఎక్కువగా కనిపించేది లినెన్ పడుగుతో కలిసి ఫస్టియన్ అనే గుడ్డలో. శుద్ధమైన నూలు స్మాక్ తొడుక్కున్న పల్లె స్త్రీ ఆ కాలానికి పరాయిది.

ఇంతకీ తెలుగువారు ఇంగ్లండు పల్లెటూరి వేషం కట్టడం ఏమిటని మన వాళ్ళలోనే కొందరు అడుగుతారు, నా ఒంటి రంగు చూసి మొహమాటంగా అదే మాటను వేరే రకంగా అడిగిన అమెరికన్లు కూడా ఉన్నారు. ఆ కాలపు లండన్ చర్చి రిజిస్టర్లలో ఆఫ్రికా నుంచి వచ్చినవారి పేర్లు ఉన్నాయి. 1616 డిసెంబరు 22న సెయింట్ డయోనిస్ బ్యాక్‌చర్చిలో, బంగాళాఖాత ప్రాంతం నుంచి తీసుకెళ్ళిన ఒక బాలుడికి బాప్తిస్మమిచ్చి, జేమ్స్ రాజు ఎంపిక చేసిన పీటర్ అనే పేరు పెట్టారు. అతనికి అది సుఖమైన ప్రయాణమని నేను అనడం లేదు. నల్లని ఒళ్ళు మీద తెల్లని లినెన్ అక్కడి వీధులలో ఎన్నడూ కనిపించని దృశ్యం కాదని మాత్రమే అంటున్నాను. అయితే నాకు ఈ ఆధారం కన్నా కుట్టుపనే ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఒక బట్టను దాని పోగు నుంచి తెలుసుకుని, దాని పద్ధతిలోనే కుట్టి తొడుక్కున్నవారు ఆ బట్టను గౌరవించినవారు. రాణి వేషం అధికారాన్ని అరువు తెచ్చుకుంటుంది, పాలు పితికే స్త్రీ వేషం ఆమె చేతిపనిని నేర్చుకుంటుంది. రెండోదానిలో నాకు ఏ సంకోచమూ లేదు.

సంతలో దేవకన్యలు, సముద్రపు దొంగలు, వైకింగులు తిరుగుతుండగా కాలాన్ని ఇంత పట్టించుకోవడం ఎందుకన్నది చివరి అభ్యంతరం. ఆ వేషాలను నేను తక్కువ చేయను. సందర్శకులకు ఏ వేషమైనా వేసుకునే స్వేచ్ఛ ఉండటమే ఈ సంతల ఆకర్షణ. కాని ఈ సంతల పుట్టుకను కూడా గుర్తుంచుకోవాలి. 1963లో లాస్ ఏంజిలెస్‌లో ఫిలిస్ ప్యాటర్సన్, రాన్ ప్యాటర్సన్ దంపతులు ఒక శ్రోతల చందాలతో నడిచే రేడియో కేంద్రానికి నిధుల కోసం నిర్వహించిన వేడుకతో ఇవి మొదలయ్యాయి. ఫ్యాక్టరీ వస్తువుల మధ్య పెరిగిన తరం చేతిపనివారిని వెతుక్కున్న కాలం అది. ఈనాటికీ అక్కడ గాజు ఊదేవారి ముందు, కమ్మరి ముందు జనం గుమిగూడి నిలబడతారు. ఆ జనంలో తన బట్టను తానే కుట్టుకుని నిలబడిన మనిషి ఆ చేతిపనులలో భాగస్తురాలు, కేవలం ప్రేక్షకురాలు కాదు.

మిగిలిన చిన్న బట్టలకు ఎక్కువ చెప్పనవసరం లేదు. ఏప్రన్ అంటే ఒక లినెన్ దీర్ఘచతురస్రానికి పైన పట్టీ, అంతే. మెడగుడ్డను మూలగా మడిచి పిన్నుతో పెట్టుకోవాలి. ఆ కాలంలో పిన్నుల వాడకం చాలా ఎక్కువ, చీర కొంగుకు పిన్ను పెట్టే అలవాటు ఉన్న మనకు అది కొత్త కాదు. కాయిఫ్‌ను ఒకే ముక్కలో కోసి, నడినెత్తి మీద కుట్టి, వెనుక భాగాన్ని దారంతో కుచ్చుగా లాగవచ్చు. స్మాక్ కోసిన తరువాత మిగిలే గుడ్డ దానికి సరిపోతుంది.

ఈ సీజనుకు నేను మావారికి చొక్కా కుడుతున్నాను. కత్తిరింపు స్మాక్‌దే, పొడవు తొడల మధ్య వరకు ఆగుతుంది, మెడకు పట్టీ, ముంజేతులకు కఫ్‌లు అదనం, చౌబగ్లాలు, చేతుల కుట్టు అన్నీ అవే. తలకు మాత్రం అల్లిన ఉన్ని టోపీ కావాలి. 1571 నాటి చట్టం ప్రకారం ఆరేళ్ళు దాటిన సామాన్యులు ఆదివారాలలో, పండుగ రోజులలో ఇంగ్లండులో తయారైన ఉన్ని టోపీ పెట్టుకోవాలి, పెట్టుకోకపోతే రోజుకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జరిమానా. టోపీలు అల్లేవారి జీవనోపాధిని కాపాడటానికి తెచ్చిన ఆ చట్టం 1597 వరకు పుస్తకాలలో ఉంది. ఆ టోపీని ముందు చాలా పెద్దదిగా అల్లి, వేడినీళ్ళలో సబ్బుతో పిసికి, దగ్గరకు కుంచించి, పైన నూగు లేపి కత్తిరించాలి. అల్లిక పూర్తయింది, పిసికే పని ఈ వారాంతంలో మొదలుపెట్టాలి.